ఒక్కతే చాలన్న నాయనమ్మ

కిందటి వారం మతీల్డ్‌ని కాఫీ పళ్ళెంతో మదర్ గారి గది గుమ్మం ముందు నిలబెట్టి వచ్చాం. జహ్లె ఊరికి పైన, ద్రాక్షతోటలు అయిపోయి రాళ్ళు మొదలయ్యే చోట ఉన్న ఆ పిల్లల మఠానికి ఆ మధ్యాహ్నం ఒక నల్ల కారు వచ్చింది. అందులోంచి దిగింది లబీబె గారు. జుమానా, లమీస్ అనే అక్కచెల్లెళ్ళకి నాయనమ్మ. కొడుకు లారీ ప్రమాదంలో పోయాడు, కోడలు పుట్టింటివాళ్ళని చూడ్డానికి అలెప్పో వెళ్ళి అక్కడి బాంబుల్లో పోయింది అని చెప్పి, ఎనిమిదేళ్ళ పిల్లనీ ఏడాది పిల్లనీ ఇదే గేటు దగ్గర దింపి వెళ్ళిన మనిషి. ఆరేళ్ళు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ వచ్చింది. తలుపు తట్టబోతూ మతీల్డ్ విన్నది ఒకే ఒక్క మాట.

"పెద్దదాన్ని ఇవ్వండి. ఒక్కతే చాలు. చిన్నది నాకొద్దు."

ఆ మాట విన్నాక మతీల్డ్ తలుపు తట్టలేదు. మోచేత్తో తోసుకుని లోపలికి నడిచింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి మతీల్డ్. నాలుగేళ్ళప్పుడు ఈ మఠంలో అడుగుపెట్టింది, ఇక్కడే పెరిగింది, ఇప్పుడు ఇక్కడి వంటింటికి రాణి. ముప్ఫై ఒక్కమంది పిల్లల్లో ఎవరికి ఉల్లిపాయ పడదో, ఎవరు జ్వరం వస్తే తప్ప పాలు తాగరో ఆమెకి నోటికి వచ్చు. లమీస్‌కి మాటలు నేర్పింది ఆమే, మొదటి అడుగు వేయించింది ఆమే. ఆ పిల్ల మొదట పలికిన మాట 'తాంత్'. అత్త అని. మఠంలో పిల్లలందరూ ఆమెని పిలిచే పిలుపు అది.

లబీబె గారు కాఫీ కప్పు అందుకుని వాసన చూసింది. "చక్కెర వేశావా?"

"చావు ఇంటికి వచ్చినవాళ్ళకే మేం చక్కెర లేకుండా ఇస్తామండీ. మీరు ఏ పని మీద వచ్చారో తెలీలేదు. అందుకని సగం సగం వేశాను."

"నోరున్న మనిషే."

"వంటింట్లో పొగ తాగి తాగి అలా అయింది లెండి."

సిస్టర్ లోరిస్ నవ్వు దాచుకోలేదు. డెబ్భై ఏళ్ళు దాటిన మదర్ ఆవిడ. ఎడమ చెవి వినపడదు. మాట నచ్చని మనిషి వస్తే ఎడమ వైపు కుర్చీ చూపిస్తుందని మఠంలో అందరికీ తెలుసు. లబీబె గారు మాత్రం కుడి వైపు కూర్చుని ఉంది. అంటే మదర్ ప్రతి మాటా వినదల్చుకుంది.

"కూర్చో మతీల్డ్," అంది మదర్. "చిన్నదాన్ని పెంచింది ఈమేనమ్మా. ఈమె ముందే చెప్పండి."

లబీబె గారు తడుముకోలేదు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో కూడా వెన్ను నిటారుగానే ఉంది. సన్నీన్ కొండ అవతల ఆపిల్ తోటల్ని ఒంటిచేత్తో ఏలిన మనిషి.

"చెప్పడానికేముంది మదర్? ఇల్లు ఏడు గదులు. పొద్దున్నించి సాయంత్రం దాకా గోడ గడియారం తప్ప పలకరించే దిక్కు లేదు. మోకాళ్ళు మాట వినడం లేదు. పెద్దది అచ్చం మా అబ్బాయి ముఖం. కూర్చుంటే వాడే, లేస్తే వాడే. అది ఇంట్లో తిరుగుతుంటే నాకు చాలు. బట్ట, తిండి, చదువు దేనికీ లోటు చెయ్యను."

"మరి చిన్నది?"

"చిన్నది వాళ్ళమ్మ. దాన్ని చూస్తే నాకు ఆ అలెప్పో మనిషే కళ్ళముందుకి వస్తుంది. మా వాణ్ణి మాకు కాకుండా చేసింది. నాకు ఈ వయసులో ఆ ముఖం రోజూ ఎదురుగా వద్దు. మీ దగ్గర బాగానే ఉంది కదా. ఉండనివ్వండి."

మతీల్డ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ఆమెకి ఒక తమ్ముడు ఉండేవాడు. మునీర్. ఆమెకి ఏడేళ్ళప్పుడు, వాడికి ఐదేళ్ళప్పుడు బ్రెజిల్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. జహ్లె నుంచి వెళ్ళి అక్కడ బాగుపడ్డవాళ్ళే. పిల్లలు లేరు. ఇద్దర్నీ వరుసలో నిలబెట్టి చూసి, చాలాసేపు మంచిగానే మాట్లాడి, వాణ్ణి తీసుకెళ్ళారు. ఒక్కడు చాలన్నారు. వాడు కారు వెనక అద్దంలోంచి అక్క కూడా వస్తోందనుకుని చెయ్యి ఊపి పిలిచాడు. కొన్నేళ్ళకి ఒక ఉత్తరం వచ్చింది, మతీల్డ్‌కి రాని భాషలో. తమ్ముడికి అప్పటికే అరబ్బీ పోయింది. ఆ రోజు నించీ ఆమె దేవుడితో ఒక్కటే పోట్లాట పెట్టుకుంది. నన్ను ఇక్కడే ఉంచావు కాబట్టి ఇంకోసారి ఇలా జరిగేటప్పుడు నన్ను గుమ్మం బయట నిలబెట్టకు అని. ఇవాళ గుమ్మం లోపలే ఉంది.

"నేనొక మాట అడగొచ్చా?" అంది మతీల్డ్.

"అడక్కపోతే ఊరుకుంటావా?"

"మీ తోటలో ఒక కొమ్మకి రెండు కాయలు కాస్తాయి. ఒకటి ఎర్రగా ఉందని కోసుకుంటారు. రెండోది ఏమవుతుంది?"

"ఆరేళ్ళు ఏమీ అవలేదుగా."

"అవలేదు. పక్కన మొదటిది ఉంది కాబట్టి."

లబీబె గారు సమాధానం చెప్పేలోపు తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి వచ్చింది ఒక చిన్న వేషం. మర్నాడు పునీత బర్బారా పండగ. ముందు రోజు సాయంత్రం పిల్లలందరూ వేషాలు కట్టి పేటలో ఇల్లిల్లూ తిరుగుతారు. పొద్దుటి నుంచీ పెద్ద గంగాళంలో గోధుమలు సోంపుతో ఉడుకుతున్నాయి. వచ్చిన వేషానికి ముఖమంతా పిండి, బుగ్గలకి బీట్‌రూట్ రంగు, నెత్తిన పిల్లి చెవులు, నడుముకి దుప్పటి. రెండు చేతులతో ఒక గిన్నె పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, ఒక్క గింజ కూడా ఒలక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. గిన్నె నిండా చక్కెర గోధుమలు, పైన దానిమ్మ గింజలు, అక్రోట్లు.

"వచ్చినవాళ్ళకి ముందు పెట్టాలని సిస్టర్ అఫీఫె చెప్పింది," అంది వేషం. "అడుగున కిస్‌మిస్‌లు ఉన్నాయి. నేనే ఎక్కువ వేశాను."

లబీబె గారి ముఖం మెత్తబడింది. గిన్నె అందుకుంది. "నువ్వు పిల్లివా?"

"పులిని. చెవులు చిన్నవి దొరికాయి."

"పులి పేరేంటో?"

"చెప్పను. పేరు చెప్తే వేషం పోతుంది."

లబీబె గారు నవ్వింది. ఆవిడ నవ్వితే ఎలా ఉంటుందో మతీల్డ్ మొదటిసారి చూసింది. ఒక్క చెంప మీదే గుంట పడుతుంది. "ఎవరి పిల్లవే నువ్వు? ఇంత గడుసుదానివి."

"తాంత్ మతీల్డ్ పిల్లని," అని తడుముకోకుండా చెప్పి, వచ్చినంత జాగ్రత్తగా వెనక్కి నడిచి, తలుపు దాటాక ఒక్క పరుగు తీసింది.

"ఎంత చక్కని పిల్ల," అంది లబీబె గారు ఒక చెంచా నోట్లో పెట్టుకుంటూ. "ఎవరూ లేరా దానికి?"

మదర్ మతీల్డ్ వైపు చూసింది. చెప్పు అన్నట్టు.

"ఒక నాయనమ్మ ఉందండీ," అంది మతీల్డ్. "అదే లమీస్."

చెంచా గిన్నెలోకి దిగిపోయింది. బయట పెరట్లో ఎవరో రేకు డబ్బా మీద డప్పు వాయిస్తున్నారు, ఇంకెవరో తాళం తప్పుతున్నావని తిడుతున్నారు.

సిస్టర్ లోరిస్ లేచి ఇనప బీరువా తెరిచింది. నీలం అట్ట ఫైలులోంచి ఒక కాగితం తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. "లమీస్. జ్ఞానస్నానం సెప్టెంబర్ పధ్నాలుగు, సిలువ పండగ రోజున. జ్ఞానతల్లి..." అక్కడ ఆగి కాగితాన్ని బల్ల మీద లబీబె గారి వైపు తిప్పి పెట్టింది. "సంతకం మీదే కదమ్మా?"

"నాదే."

"నీళ్ళు పోస్తున్నప్పుడు బిడ్డ మీ చేతుల్లోనే ఉంది."

"ఊరివాళ్ళ నోరు మూయించడానికి ఎత్తుకున్నాను మదర్. కోడలికి మా ఊళ్ళో ఎవరూ లేరు, నేను కూడా ఎత్తుకోకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని."

"ఊరి నోరు మూయించారు సరే. దేవుడికి మాటిచ్చారు కదా. తల్లీ తండ్రీ లేనినాడు నేనున్నానని. ఆ మాట పెద్దదాని విషయంలో ఇచ్చింది మీ ఆడపడుచు. చిన్నదాని విషయంలో మీరు. కాగితాల ప్రకారం చూస్తే మీకు వరస కలిసేది ముందు చిన్నదానితోనే."

"నాకు హక్కుంది. మతకోర్టుకి వెళ్తే రక్తసంబంధం ఎవరిదో చూస్తారు."

"వెళ్ళండి. నేనే వచ్చి సాక్ష్యం చెప్తాను. ఇద్దర్నీ ఇమ్మంటే ఇద్దర్నీ తలంటు పోసి పంపిస్తాను. ఒకదాన్ని ఏరుకుని ఒకదాన్ని పారేసే హక్కు మాత్రం ఏ కోర్టూ రాసివ్వలేదు." మదర్ గొంతు ఒక్క మెట్టు కూడా పైకి లేవలేదు. "అయినా జుమానాకి పధ్నాలుగేళ్ళు. సంతకెళ్ళే గొర్రె కాదు. దాని నోరు దానికుంది. మతీల్డ్, వెళ్ళి పిలుచుకురా."

పెరట్లో జుమానా బల్ల ముందు నిలబడి వరుసలో ఉన్న చిన్నవాళ్ళకి కాల్చిన బెండుతో మీసాలు దిద్దుతోంది. తనకి తాను ముందే దిద్దుకుంది. ముసలివాళ్ళ నల్ల కోటు ఒకటి ఎక్కడో సంపాదించి తొడుక్కుంది, నెత్తిన ఎర్ర కుచ్చు టోపీ. మతీల్డ్‌ని చూసి, "ఇద్దరే మిగిలారు తాంత్, ఆగు," అంది.

మతీల్డ్ ఆగింది. ఆ కాసేపట్లో ఆమె నోటిదాకా ఎన్ని మాటలు వచ్చాయో. వెళ్ళొద్దని చెప్పెయ్యి. చెల్లెలు చచ్చిపోతుందని చెప్పు. నేను చచ్చిపోతానని చెప్పు. ఒక్క మాట చాలు, ఆ పిల్ల తన మాట జవదాటదు. ఆ సంగతి మతీల్డ్‌కి తెలుసు. తెలుసు కాబట్టే అన్నీ మింగేసింది.

"మీ తేతా వచ్చింది, మీ నాయనమ్మ," అంది, చివరి మీసం పూర్తయ్యాక. "నిన్ను తీసుకెళ్తానంటోంది. నిన్నొక్కదాన్నే."

జుమానా బెండు ముక్కని బల్ల మీద పెట్టి వేళ్ళు కోటుకి తుడుచుకుంది. "నువ్వేమంటావ్?"

"నన్ను అడక్కు. నేను చెప్తే అందులో నా తమ్ముడు ఉంటాడు. నీ మాట నువ్వు చెప్పు. ఏది చెప్పినా నా మనిషివే. రేపు కూడా నీ గిన్నెలో కిస్‌మిస్‌లు నేనే వేస్తాను."

"ఇల్లు ఎలా ఉంటుంది తాంత్? నాకు మెట్లు గుర్తున్నాయి. వాసన గుర్తుంది."

"నేను చూడలేదే. ఆవిడనే అడుగు."

పిల్ల గుమ్మంలోకి రాగానే లబీబె గారు కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచి, లేవలేక మళ్ళీ కూలబడింది. కోటు, టోపీ, ఆ నల్ల మీసం. చచ్చిపోయిన కొడుకే పెళ్ళి కాకముందు వయసులో వచ్చి ఎదురుగా నిలబడ్డట్టుంది. ఆవిడ నోట్లోంచి కొడుకు పేరు బయటికొచ్చింది. తర్వాత చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మతీల్డ్‌కి ఆవిడ మీద అప్పటిదాకా ఉన్న కోపంలో ఒక ముక్క విరిగి పడిపోయింది. పడిపోయినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

జుమానా వెళ్ళి నాయనమ్మ చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంది. ఆరేళ్ళ కిందట నేర్చుకున్నది మర్చిపోలేదు. "బాగున్నావా తేతా?"

"నిన్ను చూశాను కదా నా తల్లీ, బాగున్నాను. ఇంటికి వస్తావా? మీ నాన్న గది అలాగే ఉంచాను. వాడి రేడియో, స్కీయింగ్ బూట్లు, అన్నీ. కిటికీ తెరిస్తే తోట. ఆ గది నీదే."

జుమానా కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

"నాకు రావాలనే ఉంది," అంది జుమానా. "అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇక్కడ ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. నాన్న మంచం మీద పడుకోవాలనుంది. ఆ రేడియో పని చేస్తుందో లేదో చూడాలనుంది. ఎన్నిసార్లు అనుకున్నానో, ఏదో ఒక రోజు మా తేతా వచ్చి తీసుకెళ్తుందని."

"ఇంకేం, పద. సామాను తర్వాత పంపిస్తారు."

"లమీస్ పుట్టినరోజు ఎప్పుడు తేతా?"

లబీబె గారు నోరు తెరిచింది. మదర్ బల్ల మీదున్న కాగితం కేసి ఒక్క క్షణం చూసింది. పుట్టినరోజు అందులో ఉందని లబీబె గారికి తెలుసు. కానీ కళ్ళు దించి చదవడానికి అభిమానం అడ్డొచ్చింది.

"తెలీదు," అంది చివరికి.

"పర్వాలేదు. నేర్చుకోవచ్చు. నేను కూడా దానికి జడ వెయ్యడం నేర్చుకున్నాను, మొదట్లో రాలేదు." ఆ పిల్ల గొంతులో పౌరుషం లేదు, బతిమాలుకోవడమూ లేదు. రొట్టెకి పిండి ఎంత వెయ్యాలో చెప్తున్నట్టు చెప్పుకుపోయింది. "నేనిప్పుడు రాను తేతా. అక్కడ నాన్న గదిలో పడుకుని, ఇక్కడ అది ఎవరి పక్కన పడుకుందో అని లెక్కపెట్టుకుంటూ ఉండలేను. నువ్వే రా. ప్రతి ఆదివారం రా. పూజ అయ్యాక పెరట్లో కూర్చో. దానికి జడ వెయ్యి, అది చెప్పే అబద్ధాలు విను. చాలా చెప్తుంది. నెల రోజులు, రెండు నెలలు. అప్పుడు ఇద్దర్నీ రమ్మంటే ఇద్దరం వస్తాం. ఒక్కదాన్నే రమ్మంటే మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట."

సిస్టర్ లోరిస్ మెల్లిగా జపమాల పూసలు సర్దుకుంది. ఆరేళ్ళ నుంచి ఈ పిల్లకి తను పెట్టిన అన్నమంతా ఎక్కడికి పోయిందో మతీల్డ్ ఇవాళ కళ్ళారా చూసింది. ఎముకలోకి పోయింది.

లబీబె గారు మనవరాలి మీసం వైపే చూస్తోంది. "ఇంత పిల్లవి, నాకు షరతులు పెడుతున్నావా?"

"నీ మనవరాల్నే కదా తేతా. నీ రక్తమే మరి."

ముసలావిడ ముఖం మీద ఆ ఒంటి గుంట మెరిసి మాయమైంది. ఓడిపోవడం అలవాటు లేని మనిషి. కానీ ఎవరి చేతిలో ఓడిపోయిందో చూసుకుని ఎక్కడో గర్వపడ్డట్టే ఉంది. "పులినని అంది," అంది తనలో తను అనుకున్నట్టు. "చెవులు చిన్నవి దొరికాయంట."

"అయితే సరేనా?" అంది జుమానా. "ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టు."

ఆ మాటకి లబీబె గారి రంగు మారింది. కాఫీ కప్పు తియ్యబోయిన చెయ్యి మధ్యలో ఆగింది.

"ఈ ఆదివారం వద్దు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు. తర్వాతి వారం వస్తాను."

సిస్టర్ లోరిస్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, వినపడే చెవిని ఆవిడ వైపు తిప్పింది. "ఆరేళ్ళు రాని మనిషి ఇవాళ వచ్చారు. బర్బారా పండగ పూట, కొండ దారిలో మంచు పడుతుంటే, ఫోను కూడా చెయ్యకుండా. పెద్దదాన్ని ఇవాళే పంపమన్నారు, సామాను కూడా తర్వాత అన్నారు. ఇంత తొందరేమిటా అని నేను ఇందాకటి నించీ చూస్తున్నాను. ఆదివారం ఏముందమ్మా?"

లబీబె గారు చేతిసంచీ తెరిచింది. నాలుగు మడతలు పెట్టిన ఒక ఉత్తరం తీసి బల్ల మీద, ఆ జ్ఞానస్నానం కాగితం మీదే పెట్టింది. వెయ్యి సార్లు మడిచి విప్పినట్టు మడతల దగ్గర చిరుగులు పట్టింది.

"జుమానాకి ఇమ్మని మా ఊరి ఫాదర్ తెచ్చిచ్చాడు. మూడు వారాలైంది. ఎవరికీ చూపించలేదు."

జుమానా ఉత్తరం తీసుకుంది. విప్పలేదు కూడా, పైన ఉన్న తన పేరు చూసి అలాగే నిలబడిపోయింది. మొదటి తరగతిలో తన పుస్తకాలన్నిటి మీదా ఇదే చేత్తో, ఇలాగే చివరి అక్షరం తోక బారుగా లాగి, ఒకావిడ తన పేరు రాసి ఇచ్చేది.

"ఇది అమ్మ రాసినట్టుంది," అంది.

"రాసినట్టు కాదు. రాసిందే." లబీబె గారి వెన్ను అప్పటికీ నిటారుగానే ఉంది, గొంతే వంగిపోయింది. "డమాస్కస్‌లో ఉంది. ఆదివారం పూజ అయ్యేసరికి ఈ గేటు ముందుంటానని రాసింది. ఇద్దర్నీ తీసుకుపోతానని రాసింది. అందుకే... నా కొడుకు ముఖం ఒక్కటైనా నా దగ్గర మిగుల్చుకుందామనుకున్నాను."

మతీల్డ్ తనకి తెలీకుండానే లేచి నిలబడింది. పక్కనున్న జుమానా భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల ఉత్తరాన్ని కోటు జేబులో పెట్టుకుని, నాయనమ్మ ముఖంలోకి సూటిగా చూసింది. మీసం కింద పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"అమ్మ బాంబుల్లో పోయిందని నీకు ఎవరు చెప్పారు తేతా?"

"ఎవరూ చెప్పలేదు," అంది లబీబె గారు.